వాదమా, జల్పమా?

ఫలము ఇట్టిదని ముందే యెరిగినచో పరిశోధన అనావశ్యకము. ఎరుగనిచో, దానిని పత్రముపై వ్రాసి పూచీపడుట అసత్యము. డాక్టరేటు పట్టమునకై కృషిచేయు విద్యార్థికి పరిశోధన నిధుల దరఖాస్తు వ్రాయుట నేర్పబూనిన ఆచార్యునకు, ఆయన రసాయన శాస్త్రజ్ఞుడైనను చరిత్రకారుడైనను, మొదట ఎదురుకావలసినది ఈ ధర్మసందేహమే. కాని పెక్కు చోట్ల ఇది సందేహముగానే తోచదు. లోగడ నిధులు లభించిన యొక దరఖాస్తును విద్యార్థి చేతికిచ్చి, "ఇట్లు వ్రాయుము, నాయనా" అని గురువులు తమ పని ముగించుకొందురు.

మన పూర్వులు శాస్త్రగ్రంథమునకు ఆదియందే విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను అనుబంధ చతుష్టయమును చెప్పవలెనని విధించిరి. అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1997లో స్థిరపరచిన రెండు ప్రమాణములు, విద్వద్విషయకమైన యోగ్యతయు సమాజమునకు కలుగు విస్తృత ప్రయోజనమును, ఈ నాలుగింటిలో సులభముగ ఇముడును. మన దేశమున 2008 నాటి చట్టముచే ఏర్పడిన బోర్డు స్థానమున 2023 నాటి చట్టముచే వెలసిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టువాడును ఈ ప్రశ్నలకే బదులు చెప్పుకొనవలెను. శాస్త్రమునందు అధికారి చదువువాడు, ఇచ్చట వ్రాయువాడు, భేదము అంతమాత్రమే.

అయితే ఈ నాలుగింటితో విచారణ పుట్టదు. గౌతముని న్యాయసూత్రములు పదునారు పదార్థములను పేర్కొనునపుడు సంశయమును ప్రయోజనమునకు ముందు నిలిపినవి. మీమాంసకుల అధికరణమునందును విషయము వెంటనే సంశయము, పిదప పూర్వపక్షము, ఆ తరువాతనే సిద్ధాంతము. మన విద్యార్థి మాత్రము సంశయమును అడుగున దాచి, పూర్వపక్షమును ఒక్క వాక్యమున త్రోసివేసి, సిద్ధాంతమును మొదటి పుటలోనే ప్రతిష్ఠించుట చాతుర్యమని భ్రమించుచున్నాడు. ఆ భ్రమను అతనికి కలిగించినది మనమే.

తత్త్వనిర్ణయమునకై సాగు చర్చను నైయాయికులు వాదమనిరి; గెలుపునకై సాగుదానిని జల్పమనిరి. మొలకను కాపాడుటకు ముండ్లకంప నాటినట్లు, తత్త్వరక్షణకై జల్పమును ఆశ్రయింపవచ్చునని గౌతముడే అనుమతించినాడు. "ముందు డబ్బు రానీ, సత్యము సంగతి పిదప చూచుకొందము" అను అనుభవజ్ఞులు, ఎరిగియో ఎరుగకయో, ఈ యనుమతినే వినియోగించుకొనుచున్నారు. వారి మాట కేవలము త్రోసిపుచ్చదగినది కాదు. పోటీ తీవ్రము, తీర్పు చెప్పువారికి తీరిక తక్కువ, బిడియపడి వ్రాసినవాని కాగితము అడుగున పడిపోవుట కద్దు. కాని కంచె కట్టుటయందే యౌవనమంతయు గడపినవానికి మొలక యెక్కడనున్నదో జ్ఞాపకముండదు. కంచెయే చేను మేయు దుర్దశ మన విద్యాలయములకు క్రొత్తది కాదు.

1881లో ఆల్బర్ట్ మైకెల్సన్ కాంతికి ఆధారమని నాడు ఊహించిన ఈథరునందు భూమి చలనమును కనుగొనుటకై జర్మనీలో ప్రయోగము చేసినపుడు, పరికరమునకు ధనసహాయము చేసినవాడు టెలిఫోను సృష్టికర్తయైన అలెగ్జాండర్ గ్రాహంబెల్. ఆశించిన చలనము కానరాలేదు. 1887లో క్లీవ్‌లాండు నగరమున ఎడ్వర్డ్ మోర్లీతో గూడి మరింత సూక్ష్మముగ కొలిచినను కానరాలేదు. ఆశించిన ఫలమునుబట్టి తూచినచో ఇది వైఫల్యము. భౌతికశాస్త్ర చరిత్రలో ఇంతటి ఫలవంతమైన వైఫల్యము అరుదు. మైకెల్సన్ తన దాతకు ఋణపడినది ఈథరు కాదు, నిష్కపటమైన కొలత. కర్మకును ఫలమునకును గీత చూపిన వివేకము ఇచ్చట అక్షరాలా వర్తించును. ఏ నమూనాలు సేకరించును, ఏ పరికరముతో కొలుచును, ఏ గ్రంథాలయమున ఏ పత్రములు చూచును, ఎన్ని నెలలు పట్టును, ఎంత వ్యయమగును అనువానికి విద్యార్థి నిర్భయముగ మాట ఈయవచ్చును. ఫలమును గూర్చిన ప్రతి వాక్యము కడను "ఇట్లు కానిచో?" అని గురువు ప్రశ్నింపవలెను, తన ఊహ తారుమారైనను శాస్త్రమునకు ఏమి దక్కునో శిష్యుడు చెప్పగలుగువరకు ఆ ప్రతిని కదలనీయరాదు.

భాగవతమును రాజునకీయక భగవంతునకు అర్పించిన పోతనను తలచి మురియు మనకు అర్థించుట చిన్నతనముగ తోచుట సహజమే. కాని ఇచ్చట ఇచ్చునది రాజు కాదు, పన్నుకట్టు ప్రజ. పుచ్చుకొన్నది దానము కాదు, లెక్క చెప్పవలసిన సొమ్ము. అందుచేత వ్యయపట్టికలో పెంచి వ్రాసిన అంకె చిన్న నేర్పు కాదు, అబద్ధమే.

ఆచార్యులకు నా మనవి యొక్కటి. నెగ్గిన దరఖాస్తులను చూపునట్లే, తమకు తిరిగివచ్చిన దరఖాస్తులను గూడ, తీర్పరులు వ్రాసిన ఆక్షేపణలతో సహా, శిష్యులచేత చదివింపుడు. వానిలో ఏ ఆక్షేపణ న్యాయమో, ఏది కాదో వారినే నిర్ణయింపనిండు.