బురద మనదే, మురికి మనది కాదు

 



మన పిల్లవాడికి మంచి ఉద్యోగం వచ్చిందనుకోండి. ఎవరో ఒకరు మెచ్చుకుంటూ "బురదలో పుట్టిన పద్మంలాంటోడివయ్యా నువ్వు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది, వాడూ నవ్వి ఊరుకుంటాడు. కానీ ఒక్కసారి ఆలోచించండి. వాడు పద్మం అయితే మరి బురద ఎవరు? కన్న తల్లి, పెంచిన వాడ, చదివించిన హాస్టలు. ఒకే మాటతో కొడుకును పైకెత్తి తల్లిని కింద పడేశారన్నమాట.

నాగోలు, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో ఉంటున్న మనలో చాలామందికి ఇలాంటి మెప్పు తెలిసిందే. మనం బుద్ధ వందనలో పెట్టే పువ్వు కూడా తామరే గదా. మరి ఆ పోలిక ధమ్మం చెప్పిందేనా? ఈసారి ఆ మొక్కనే అడిగి తెలుసుకుందాం.

తామర వేరు, కలువ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కలువ ఆకు నీళ్ల మీద పరుచుకుని ఉంటుంది, దానికి ఒక పక్క చీలిక ఉంటుంది. తామర ఆకుకు చీలిక ఉండదు. గుండ్రంగా, గొడుగులాగా, కాడ మీద నీటిపైకి లేచి నిలబడుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని నెలుంబో న్యూసిఫెరా అంటారు. జన్యువులు పరీక్షించి చూస్తే, తామరకు దగ్గరి చుట్టం పక్కనే ఉన్న కలువ కాదని తేలింది. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్టు కలువ కంటే దీనికి దగ్గరి బంధువు!

మొక్కల్లో జాతి అనేది నిజంగా ఉంది. మరి మనుషుల్లో? వాసెట్ఠ, భారద్వాజ అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు ఇదే తగువు తెచ్చారు. గొప్పతనం పుట్టుకతో వస్తుందా, చేసే పనితో వస్తుందా అని. వాసెట్ఠ సుత్తంలో బుద్ధుని జవాబు ఇది: గడ్డికి, చెట్లకు, పురుగులకు, చేపలకు, పక్షులకు పుట్టుకతో వచ్చే జాతి గుర్తులు వేరువేరుగా ఉంటాయి. మనుషుల్లో అలాంటి గుర్తు తల నుంచి పాదం దాకా ఎక్కడా లేదు. అంటే, తామరను చూపించి మనుషులకు కులం అంటగట్టడం బుద్ధుని మాటకే ఎదురు.

"ధమ్మపదంలో కూడా చెత్తకుప్పలో పుట్టిన తామర ఉంది గదా?" అని అడుగుతారు. ఉంది, పుప్ఫవగ్గంలో. అయితే అక్కడ చెత్త అన్నది తక్కువ కులంవాళ్లను కాదు, అజ్ఞానంలో కళ్లు మూసుకున్న జనాన్ని. ఆ అజ్ఞానం ఏ కులంలోనైనా ఉండొచ్చు. వాడిపోయిన పూలు ఎత్తిపోసే పని చేసిన సునీతుణ్ణి బుద్ధుడు సంఘంలోకి పిలిచాడు. ఆ సునీతుడు థేరుడయ్యాడు, ఆయన మాటలు థేరగాథలో ఉన్నాయి.

ఇంకో సంగతి. బురద అంటే మురికి కాదు. మన అమ్మలు నడుములు వంచి వరి నాటేసిన మడిలో ఉన్నదీ బురదే. దేశానికి అన్నం పెట్టింది ఆ బురదే. మురికి అంటే అంటరానితనం, అది మనం చేసింది కాదు. పిల్లలకు ఈ తేడా నేర్పండి. ఎవరైనా అలా మెచ్చుకుంటే "అవునండీ, మా అమ్మ నాటేసిన మడిలోంచే వచ్చాను, దానికి నాకు గర్వం" అని చెప్పే ధైర్యం ఇవ్వండి.

ఆకు: అంటించుకోదు

తామరాకు మీద నీటిబొట్టు సంగతి మనకు తెలుసు. అది ఎందుకు నిలవదో జర్మనీలోని బాన్ నగరంలో విల్హెల్మ్ బార్త్‌లాట్, ఆయన సహచరుడు 1997లో వివరించారు. ఆకు పైన కంటికి కనిపించని బుడిపెలుంటాయి, వాటి మీద సన్నటి మైనం ఉంటుంది. అందుకే నీటిబొట్టు పరుచుకోదు. ముత్యంలా దొర్లిపోతూ దుమ్మును కూడా మోసుకుపోతుంది.

అంగుత్తర నికాయంలో ద్రోణుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి "నువ్వు దేవుడివా, యక్షుడివా?" అని అడుగుతాడు. బుద్ధుడు ఏదీ ఒప్పుకోడు. తామర నీటిలో పుట్టి, నీటిలో పెరిగి, నీరు అంటకుండా ఎలా నిలుస్తుందో తానూ లోకంలో అలాగే ఉన్నానంటాడు. ఆకాశం నుంచి దిగి వచ్చానని అనలేదు. బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మనంటూ 22 ప్రతిజ్ఞల్లో మనం పలికిన మాటకు ఇక్కడే బలం ఉంది.

ఆ మైనం మనకు పంచశీలం. రోజూ పాటిస్తేనే అవమానం మనసుకు అంటదు. అంటే అవమానాన్ని భరించి కూర్చోమని కాదు. మనసులో ద్వేషం పెట్టుకోవద్దు, చట్టంలో మాత్రం వదిలిపెట్టొద్దు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది అందుకే.

కాడ: ఊపిరి కిందికి పంపుతుంది

అసలు పాఠం ఇక్కడుంది. చెరువు అడుగున బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. మరి అక్కడున్న తామర దుంప ఎలా బతుకుతుంది? దుంపను అడ్డంగా కోసి చూడండి, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. కాడలోనూ అంతే. ఎండకు వేడెక్కిన ఆకు గాలిని లోపలికి తీసుకుంటుంది. ఆ గాలి కాడలోని గొట్టాల గుండా కిందికి దిగి దుంపకు అందుతుంది. మళ్లీ వేరే గొట్టాల గుండా పైకొచ్చి, ఆకు నడిమధ్యన కాడ కలిసేచోట బయటికి పోతుంది.

పైకి లేచిన ఆకు కిందనున్న దుంపకు ఊపిరి పోస్తుందన్నమాట. దుంప ఆకును నిలబెడుతుంది, ఆకు దుంపను బతికిస్తుంది. కాడ తెగితే ఇద్దరికీ నష్టమే.

1956 మార్చి 18న ఆగ్రా సభలో బాబాసాహెబ్ బాధపడింది ఈ తెగిన కాడ గురించే. చదువుకున్నవాళ్లు తమ పొట్ట చూసుకుని సమాజాన్ని మరిచారని ఆయన దుఃఖం. ఇవాళ మన పరిస్థితి ఏమిటి? ఊరు వదిలి వచ్చాం, ఫ్లాటు కొన్నాం. పక్కింటివాళ్లు "మీరేమిట్లు?" అని అడుగుతారేమోనని గోడ మీది బాబాసాహెబ్ ఫోటోను లోపలి గదిలోకి మార్చినవాళ్లు లేరా? ఊరి నుంచి తమ్ముడి కొడుకు కోచింగు కోసం వస్తానంటే ఇల్లు ఇరుకని చెప్పినవాళ్లు లేరా? ఇది తిట్టడానికి చెప్పడం లేదు. భయం అందరికీ ఉంటుంది. కానీ భయంతో కాడ తెంపుకున్న ఆకు ఎన్నాళ్లు పచ్చగా ఉంటుంది?

గింజ: కాచుకుని ఉంటుంది

చైనాలో పాత చెరువు మట్టిలో దొరికిన తామర గింజల మీద జేన్ షెన్-మిల్లర్ బృందం 1995లో ఒక ఫలితం ప్రకటించింది. మొలకెత్తిన వాటిలో ఒక గింజ వయసు సుమారు 1300 ఏళ్లు! తామర గింజ పెంకు చాలా గట్టిది. దాన్ని కొంచెం అరగదీస్తే నీరు లోపలికి పోతుంది, అప్పుడే మొలక వస్తుంది.

మన నేలలో ధమ్మమూ అలాంటి గింజే. అమరావతి స్తూపం రాళ్ల మీద మన పూర్వులు పెద్ద పెద్ద తామరలు చెక్కారు. మనకు దగ్గర్లోనే, చైతన్యపురిలో మూసీ ఒడ్డున బండ మీద, 5వ శతాబ్దపు విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం పేరుంది. అంటే మనం ధమ్మాన్ని బయటి నుంచి కొత్తగా తెచ్చుకోలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఆ పెంకును అరగదీశారు, గింజ మళ్లీ మొలిచింది.

వచ్చే పౌర్ణమికి పిల్లల్ని తీసుకెళ్లి ఆ శాసనం చూపించండి. బాబాసాహెబ్ ఫోటోను ముందు గదిలో పెట్టండి. ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చే ఒక్క బిడ్డకు మీ ఇంట్లో ఒక చాప, ఒక కంచం, ఒక బల్బు వెలుతురు ఇవ్వండి. దానం అంటే అదే, ఊపిరి పంపడం అంటే అదే.

భవతు సబ్బ మంగళం. సాధు, సాధు, సాధు.