టమాటా డబ్బాలో మాండవ్యుడి కథ

పాతబస్తీలో పెరడున్న ఇళ్లు ఇప్పుడు తక్కువ. లాల్‌దర్వాజా, శాలిబండ, మొగల్‌పురా వైపు టమాటా మొక్క ఎప్పుడో మేడెక్కి, పాత పెయింటు డబ్బాల్లో పెరుగుతోంది. 2023 జూలైలో హైదరాబాద్‌లో కిలో టమాటా వంద రూపాయలు దాటాక ఆ డబ్బాలకు గౌరవం ఇంకాస్త పెరిగింది. అలా సాకిన కాయకు గుండ్రటి కంత పడి, అందులోకి తల దూర్చి ఒళ్లు సగం బయటే పెట్టుకున్న శనగపచ్చ పురుగు కనబడితే, నలిపెయ్యడానికి ఎవరూ శాస్త్రాలు తిరగెయ్యరు. కానీ మక్కా మసీదు ముంగిట పావురాలకు గింజలు చల్లి పుణ్యం సంపాదించుకునే ఊళ్లో, పురుగుకు ఆ లెక్క ఎందుకు వర్తించదన్నది అడగదగ్గ ప్రశ్నే.

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. దొంగలు సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. మౌనవ్రతంలో ఉన్న ముని జవాబివ్వలేదు. ఆయన్నీ దొంగల్లో కలిపేసి కొరత వేశారు. ఎందుకీ శిక్ష అని తర్వాత ధర్ముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు పురుగులకు పుల్లలు గుచ్చావన్నాడాయన. అంత చిన్న తప్పుకు ఇంత దండనా అని మండిపడ్డ ముని, భూమ్మీద విదురుడిగా పుట్టమని శపించి, 14 ఏళ్ల లోపు చేసింది పాపం కాదని కట్టడి చేశాడు. చాలామంది ఈ కథను పురుగుల దగ్గరే ఆపేస్తారు. అసలు ముని కొరతెక్కింది, దొంగెవరో తేల్చకుండా దండించడం వల్ల.

బుఖారీ హదీసుల్లోనూ ఇలాంటి కథే ఒకటుంది. ఒక ప్రవక్తను చీమ కుడితే ఆయన పుట్ట మొత్తాన్ని కాల్పించాడు. ఒక్క చీమ కుట్టినందుకు, దైవాన్ని స్తుతించే ఒక సమూహాన్నే కాల్చావా అని అల్లా మందలించాడు. అక్కడ పేచీ కుట్టిన చీమ గురించి కాదు, కుట్టనివాటి గురించి.

మేడమీద మందు డబ్బా పట్టినవాళ్లకు ఈ రెండు కథలూ సూటిగా తగులుతాయి. కాయ అడుగున నల్లటి మచ్చ పడి కుంగితే పురుగుమందు కొట్టేవాళ్లున్నారు. అది ఏ పురుగు పనీ కాదు. ఒకరోజు తడిపి రెండ్రోజులు మరిచిపోతే కాయకు కాల్షియం అందక వచ్చే కుళ్లు. అక్కడ దోషి నీళ్లు పోసే మనిషే. ఆకు మీద తెల్లటి వంకర గీతలు పాముపొడ పురుగువి, ఆ ఆకులు తెంపేస్తే చాలు. ఆకుల్లో పెద్ద పొక్కులు, కాయ తొడిమ దగ్గర సూదిమొనంత బెజ్జాలు ఉంటే అది టూటా. దక్షిణ అమెరికా నుంచి వచ్చి 2014లో మన దేశంలో తొలిసారి మహారాష్ట్రలో బయటపడింది. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో తిరిగేది మాత్రం అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకను తినిపెట్టే జీవి. మందు కొడితే అదీ చస్తుంది.

జైనులు గృహస్థు హింసను నాలుగు రకాలుగా విడదీస్తారు. కావాలని చంపడం పూర్తిగా మానాలి. వంటలో, సేద్యంలో తప్పనిసరిగా జరిగేదాన్ని వీలైనంత తగ్గించుకోవాలి. తోటకు పనికొచ్చే మాట రెండోది. శనగపచ్చ పురుగు గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. వారానికి రెండుసార్లు లేత ఆకులు తిరగేసి చూసేవాళ్లకు చంపే పని తక్కువ పడుతుంది. పక్కన బంతి ఉంటే తల్లి పురుగు అటు మొగ్గుతుంది. సన్నని నెట్ కడితే లోపలికే రాదు. ఆ తర్వాతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు. వేపనూనెను అహింస అనుకోవడం మాత్రం ఆత్మవంచన: పురుగుకు తిండి సయించదు, ఎదుగుదల ఆగుతుంది, మెల్లగా చస్తుంది.

తెల్లదోమ దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. అది తాగే రసం కొంచెమే. మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కు మందు లేదు. ముడత పడ్డ మొక్కను పీకి, సంచిలో మూటగట్టి పారెయ్యాలి. నాలుగు కాయలున్న మొక్కను పీకడానికి చెయ్యి రాదు. కానీ పాతబస్తీలో పిట్టగోడకు పిట్టగోడ ఆనుకునే ఉంటుంది. ఈ మేడ మీది దోమ పక్కింటి మిరప మీదా, ఆపై ఇంటి టమాటా మీదా వాలుతుంది. పసుపు జిగురు అట్టలు కొన్నిటినే ఆపుతాయి. గోడ మీంచి ఆ కబురు చెప్పి, రెండిళ్లవాళ్లూ ఒకేరోజు పీకేస్తే మిగతా డబ్బాలకు కొంత గడువు దొరుకుతుంది.