యాయీరు ఇంట్లో చివరి మాట



మార్కు సువార్త ఐదవ అధ్యాయములో ఒక స్త్రీ కథ, ఒక పాప కథ కలిసి వస్తాయి. ఆ స్త్రీ పన్నెండేళ్ళుగా రక్తస్రావముతో బాధపడుతున్నది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఊడ్చిపెట్టుకున్నది. జబ్బు మాత్రం ముదిరింది. ఆ పాప ప్రార్థనామందిరాధ్యక్షుడైన యాయీరు కుమార్తె, దానికీ పన్నెండేళ్ళే. ప్రభువు ఆమెను స్వస్థపరచారు, పాపను చెయ్యిపట్టి లేపారు. మనం ఇక్కడిదాకా విని తృప్తిపడతాము. కాని సువార్తికుడు ఇంకొక చిన్న సంగతి వ్రాశాడు. లేచిన పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని ప్రభువు ఆ ఇంటివారికి చెప్పారు. చావు నుండి లేపినవాడు ఆ పిల్ల ఆకలి తీర్చలేడా? తీర్చగలడు. అయినా ఆ పని ఇంటివారికే వదిలారు.

ఈ మాట మన చోడవరం ఇళ్ళకు బాగా తగులుతుంది. ఎలాగో చెబుతాను.

1978లో అల్మా-అటా నగరములో ప్రపంచ దేశాలు కూడి, 2000 సంవత్సరానికల్లా అందరికీ ఆరోగ్యము అని తీర్మానించాయి. పెద్ద ఆసుపత్రి కంటే ముందు ఊరి దగ్గర వైద్యము, మంచినీరు, తిండి, టీకా ఉండాలన్నది దాని సారము. ఆ గడువు దాటిపోయింది. 2015లో ఐక్యరాజ్యసమితి మళ్ళీ గురి పెట్టింది: 2030 నాటికి ప్రపంచం మొత్తం మీద లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 70 లోపుకు రావాలి.

ఈ విషయంలో మన రాష్ట్రము సిగ్గుపడనక్కరలేదు. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 లెక్కలో అది 45. నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. ఎండలో గడప గడపకూ తిరిగిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎం అమ్మలకు, 108 బండి నడిపినవారికి ఇందులో భాగమున్నది. వారి కోసం మనం దివ్యపూజలో ఎన్నిసార్లు ప్రార్థించాము?

కాని ఇంకొక లెక్క ఉన్నది. 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత సగానికి తగ్గాలని కూడా దేశాలు ఒప్పుకున్నాయి. మన రాష్ట్రములో 2015-16 సర్వేలో అది నూటికి 60. 2019-21 సర్వేలో 58.8. అంతే. కాన్పు ఆసుపత్రికి వెళ్ళింది గాని, రక్తము ఇంట్లోనే తక్కువైపోతున్నది. రక్తము లేని తల్లి కాన్పులో కాస్త రక్తస్రావమైనా తట్టుకోలేదు. బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది.

డాక్టరుగారు మన వంటగదిలోకి రాలేరు కదా. ఇళ్ళ దర్శనానికి వెళ్ళినప్పుడు నేను చూస్తుంటాను. చెరకు నరికి వచ్చిన మగవాళ్ళు ముందు తింటారు, తరువాత పిల్లలు, ఆ పిల్లలలోనూ మగపిల్లలు ముందు. కోడలు గిన్నె అడుగున మిగిలినది తింటుంది. కూర అయిపోతే చోడి అంబలి, పచ్చిమిరపకాయ. "మా కోడలికేమండీ ఫాదరుగారూ, బాగానే ఉంది" అంటారు అత్తగారు. పెరట్లో మునగచెట్టు ఉంటుంది, దాని ఆకు మేకకు పోతుంది. బెల్లం వండే ప్రాంతము మనది కనుక బెల్లం తింటే రక్తము పడుతుందని ధీమా. బెల్లములో ఇనుము కొంత ఉన్నమాట నిజమే. గర్భిణికి అది చాలదు.

మాత్రల సంగతి మరీ విచిత్రము. గర్భిణికి నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరి 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. ప్రభుత్వము ఉచితముగానే ఇస్తున్నది. అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడని ఎవరో చెబుతారు, పొట్లము చూరులోనే ఉండిపోతుంది. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధము లేదు. విరోచనము నల్లగా అవుతుంది, కొందరికి వికారము పుడుతుంది. అన్నము తిన్నాక వేసుకుంటే వికారము తగ్గుతుంది. టీతో కలిపి మాత్రం వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళు మేలు.

యాయీరు కుమార్తె వయసు పిల్లల గురించి కూడా ఆలోచించండి. పన్నెండు, పదమూడేళ్ళకు నెలసరి మొదలై ఒంట్లో రక్తము తగ్గే వయసు అది. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్ర, నులిపురుగుల మందు మాన్పించకండి. అదే సర్వేలో, 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయిందని తేలింది. పెండ్లి ప్రకటనలు చదవమని వచ్చినప్పుడు వయసు దగ్గర తడబడే తండ్రులను ప్రతి విచారణ గురువూ చూసే ఉంటాడు.

ఈ వారము ఇంట్లోని ఆడవారినందరినీ రక్తపరీక్షకు పంపండి. వేలి కొన నుండి ఒక బొట్టు చాలు. హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణికి 11. గర్భిణికి 7 కన్నా తక్కువ వస్తే మాత్రలతో సరిపెట్టకుండా ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళండి. చీటీ మీది అంకెను భర్తా, అత్తగారూ కూడా చదవాలి, ఆ పూట వడ్డన మొదలుపెట్టకముందే.