అప్పగింతలో ఆప్తవాక్యం

మూడు షిఫ్టులుగా నడిచే ఆసుపత్రి వార్డులో, డ్యూటీ ఎక్కిన నర్సుకు తన రోగుల గురించి తొలి గంటలో తెలిసే సంగతుల్లో ఎక్కువ భాగం ఆమె స్వయంగా చూసినవి కావు, దిగిపోతున్న నర్సు చెప్పగా విన్నవి. హ్యాండోవర్ అని వార్డులో పిలిచే ఈ అప్పగింతను నర్సింగ్ విద్య సాధారణంగా ఒక నైపుణ్యంగా, అంటే సూది వేయడం, కట్టు మార్చడం లాగా సాధనతో పట్టుబడే పనిగా నేర్పుతుంది. అది నైపుణ్యమే, సందేహం లేదు. అయితే దాని అడుగున భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించుకున్న ఒక ప్రశ్న ఉంది. ఇతరుల మాట వినడం వల్ల కలిగేది జ్ఞానమా, లేక జ్ఞానం కావడానికి ఇంకా ఏదో ఒకటి తోడు కావలసిన నమ్మకం మాత్రమేనా? ఈ ప్రశ్నకు ఎంచుకున్న సమాధానాన్ని బట్టి విద్యార్థినికి వార్డులో ఏమి నేర్పాలన్నదీ మారిపోతుంది.

తెలుగు మాటలోనే కొంత సూచన దొరుకుతుంది. పెళ్లి చివర జరిగే అప్పగింతల్లో కన్నవారు పిల్లను అత్తవారి చేతుల్లో పెట్టేటప్పుడు ఆమె గురించిన వివరాల పట్టీ చదవరు. ఇకపై ఈమె భారం మీది అంటారు. వార్డు అప్పగింతలోనూ చేతులు మారేది సమాచారం ఒక్కటే కాదు, బాధ్యత కూడా. చిక్కల్లా ఈ రెండూ ఒకే క్షణంలో మారకపోవడంలోనే ఉంది: రిజిస్టరులో సంతకం పడగానే బాధ్యత మారిపోతుంది గాని, జ్ఞానం మారడానికి కొన్ని షరతులు తీరాలి.

ఆ షరతులను అత్యంత నిశితంగా చర్చించినది న్యాయదర్శనం. యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనాన్ని అది ప్రమాణం అంటుంది. ఇంద్రియాలతో నేరుగా తెలుసుకునే ప్రత్యక్షం, ఒక గుర్తును ఆధారం చేసుకుని కనిపించని దాన్ని నిర్ధారించే అనుమానం (తెలుగు వాడుకలో ఈ మాట సందేహమనే అర్థానికి జారిపోయింది, శాస్త్రంలో దాదాపు దానికి వ్యతిరేకం), పోలిక ద్వారా తెలిసే ఉపమానం, ఆప్తుడి మాట అయిన శబ్దం అని నాలుగింటిని అంగీకరిస్తుంది. ఇక్కడ ఆప్తుడంటే దగ్గరివాడు కాదు. న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడి వివరణ ప్రకారం, విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలియజేయాలన్న కోరికతో చెప్పేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయన స్పష్టం చేశాడు. వక్త అంతస్తును పక్కన పెట్టి, చూశాడా, చూసినది చెప్పాలనుకుంటున్నాడా అన్న రెండింటినే అడిగిన ఈ నిర్వచనం, అంతస్తుల మీద నడిచే ఆసుపత్రి లోకంలో ఎంత ఇబ్బందికరమైనదో మున్ముందు తేలుతుంది.

మొదటి షరతు సాక్షాత్తుగా ఎరగడం. దిగిపోతున్న నర్సు ‘రోగి రాత్రంతా బాగానే నిద్రపోయాడు’ అన్నప్పుడు ఆ మాట ఆమె గంటగంటకూ వెళ్లి చూసినందువల్ల వచ్చిందా, పక్కమంచం రోగి బంధువు చెప్పినందువల్ల వచ్చిందా, ఎవరూ పిలవలేదు కాబట్టి అనుకున్నదా అన్నది వాక్యంలో కనిపించదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ తన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథంలో రోగి పరిశీలన గురించి రాస్తూ సరిగ్గా ఈ నిద్ర ప్రశ్ననే తీసుకుని, బాగా పడుకున్నాడా అని కాకుండా ఎన్ని గంటలు, ఏ వేళల్లో పడుకున్నాడని అడగాలని బోధించింది. అందువల్ల విద్యార్థిని నేర్వవలసిన తొలి క్రమశిక్షణ ప్రతి సంగతికీ దాని మూలాన్ని జతచేసి చెప్పడం: ఇది నేను కొలిచినది, ఇది కేస్ షీట్‌లో ఉన్నది, ఇది రోగి భార్య చెప్పినది. రెండో షరతు, ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక, ఇంకా సున్నితమైనది. ఇవ్వవలసిన ఒక మోతాదు తప్పిపోయిందని చెబితే చీవాట్లు పడే వార్డులో ఆ కోరిక క్రమంగా ఎండిపోతుంది, అక్కడ మంచి నర్సు కూడా ఆప్తురాలిగా మిగలడం కష్టం. ఈ లోపాన్ని విద్యార్థిని శీలానికి అంటగట్టడం కన్నా వార్డు తీరుకు అంటగట్టడమే న్యాయం.

మాట ఆప్తుడిదైనా అది అర్థం కావాలి కదా. వాక్యం వల్ల జ్ఞానం కలగడానికి మూడు హేతువులను తర్కసంగ్రహంలో అన్నంభట్టు చెప్పాడు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన ఆయన గ్రంథం తర్కశాస్త్రంలో తొలి పాఠ్యపుస్తకంగా దేశమంతటా చదవబడుతున్నది. ఒక పదం మరొక పదం కోసం ఎదురుచూడటం ఆకాంక్ష, పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత, పదాలు ఆలస్యం లేకుండా వెంటవెంటనే రావడం సన్నిధి. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే ఆకాంక్ష లేక వాక్యం కాదు. నిప్పుతో తడపమంటే యోగ్యత లేదు. ఒక్కొక్క పదాన్ని జాముకొకటిగా పలికితే సన్నిధి లేదు. బీపీ, సుగరు, సెలైను, డ్రెయిను అంటూ అంకెలన్నీ ఒక్క గుక్కలో చదివేసే అప్పగింత మొదటి కోవలోకి వస్తుంది, ఎందుకంటే అందులో ఏ అంకె దేనికోసం చెప్పబడుతున్నదో తెలియదు. మధ్యలో ఫోను మోగి, అటెండరు పిలిచి, సగంలో ఆగి మళ్లీ మొదలయ్యే అప్పగింత మూడో కోవ. అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో రూపొంది, 2000 తర్వాతి తొలి ఏళ్లలో కైజర్ పర్మనెంటే వైద్య సంస్థ ద్వారా ఆసుపత్రుల్లోకి వచ్చిన ఎస్‌బార్ అనే క్రమం (ప్రస్తుత పరిస్థితి, పూర్వరంగం, అంచనా, సిఫారసు అన్న నాలుగు అంచెలు) చేసేది ప్రధానంగా ఆకాంక్షను నిలబెట్టడమే: ఒక అంచె విన్నవారు తరువాతి అంచె కోసం ఎదురుచూస్తారు, అది రాకపోతే లోటు వినిపిస్తుంది.

చెప్పినదాని సంగతి ఇంతవరకు. చెప్పనిదాని సంగతి ఇంతకన్నా లోతైనది, పాఠ్యపుస్తకాలు దీన్ని తగినంత పట్టించుకోవు. భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఒక వేరు ప్రమాణంగా అంగీకరించారు: గదిలో కుండ కనబడకపోతే కుండ లేదన్న జ్ఞానం కలుగుతుంది. కాని దానికి వారు పెట్టిన నియమం గట్టిది. వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేదన్న స్థితిలో కనబడకపోవడమే ప్రమాణం, దాన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు, దీపం లేదని మాత్రమే. ఇప్పుడు కేస్ షీట్‌లో మందుల ఎలర్జీ అన్న గడి ఖాళీగా ఉందనుకుంటే, ఆ ఖాళీ వెలుగున్న గదిదా, చీకటి గదిదా? పెన్సిలిన్ పడుతుందా లేదా అని రోగిని అడిగి, లేదన్న జవాబు విని ఖాళీగా వదిలారా, అసలు అడగనే లేదా? కాగితం మీద రెండు ఖాళీలూ ఒకేలా ఉంటాయి. అలాగే ‘ప్రత్యేకించి ఏమీ లేదు’ అన్న మాట ఏమీ చూడకపోవడం వల్ల వచ్చిందో, చూసి ఏమీ కనబడకపోవడం వల్ల వచ్చిందో విన్నవారికి తెలియదు. కాబట్టి విద్యార్థినికి నేర్పవలసినది ‘లేదు’ అన్న మాటను ‘అడిగాను, లేదన్నారు’, ‘చూశాను, కనబడలేదు’, ‘చూడలేదు’ అన్న మూడు వేర్వేరు వాక్యాలుగా విడగొట్టడం. వీటిలో మూడోది చెప్పడానికే ఎక్కువ ధైర్యం కావాలి, వినేవారికి ఎక్కువగా ఉపయోగపడేదీ అదే.

వినేవారి వైపు నుంచి చూస్తే మరో వివాదం ఎదురవుతుంది. జ్ఞానం పుట్టినప్పుడే ప్రమాణంగా పుడుతుందని, దాన్ని కాదనే బాధకం, అంటే విరుద్ధమైన మరో జ్ఞానం, ఎదురైనప్పుడే అది వీగిపోతుందని మీమాంసకులు వాదించారు. దీనికి స్వతఃప్రామాణ్యమని పేరు. జ్ఞానపు యథార్థత వేరే పరీక్ష వల్ల, ముఖ్యంగా దాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వల్ల తేలుతుందని నైయాయికులు అన్నారు, ఇది పరతఃప్రామాణ్యం. ముప్పై మంది రోగుల వార్డులో విన్న ప్రతి వాక్యాన్నీ మళ్లీ పరీక్షించాకే నమ్మాలంటే ఉదయపు మందులు సాయంత్రానికి కూడా అందవు. నిత్యవ్యవహారంలో నర్సు మీమాంసకురాలు కాక తప్పదు, బాధకం కనిపించేదాకా విన్నదాన్ని నమ్మి పని సాగిస్తుంది. అయితే రక్తం ఎక్కించేటప్పుడు, ఇన్సులిన్ వంటి ప్రమాదకరమైన మందులు ఇచ్చేటప్పుడు రెండో నర్సు స్వతంత్రంగా సరిచూడాలన్న నియమం నైయాయిక పక్షానిది. ఈ రెండు దృష్టులూ ఒకే వార్డులో ఎందుకు చెల్లుతాయో విద్యార్థినికి వివరించాలి, లేకపోతే ఆమె సరిచూడటాన్ని తోటి నర్సు మీద అపనమ్మకంగా భావించి మొహమాటపడుతుంది.

విన్నదాన్ని తిరిగి చెప్పడం విషయంలోనూ ఇదే మొహమాటం కనిపిస్తుంది. పునరుక్తికీ అనువాదానికీ న్యాయసూత్రాలు భేదం చూపాయి. ఇక్కడ అనువాదమంటే భాష మార్చడం కాదు, ప్రయోజనం కోసం మళ్లీ చెప్పడం. త్వరగా, త్వరగా వెళ్లు అన్నప్పుడు రెండో మాట వృథా కాదు, తొందరను తెలుపుతుంది. 2014లో ప్రచురితమైన ఐ-పాస్ అధ్యయనం, తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో రెసిడెంట్ డాక్టర్లకు నియతమైన అప్పగింత పద్ధతిలో శిక్షణ ఇచ్చాక వైద్య తప్పిదాలు 23 శాతం తగ్గాయని తెలిపింది. ఆ పద్ధతిలో చివరి అంచె వినేవారు తాము అర్థం చేసుకున్నదాన్ని క్లుప్తంగా తిరిగి చెప్పడమే. అయితే చెప్పిన మాటల్నే చిలకలా అప్పజెబితే అది పునరుక్తి. తన మాటల్లో, తన ప్రాధాన్యాలతో చెప్పినప్పుడే అర్థంలో వచ్చిన వంకర బయటపడుతుంది.

విన్నది జ్ఞానమయ్యాక నిర్ణయం మిగులుతుంది. పొత్తికడుపు శస్త్రచికిత్స జరిగిన రెండో రోజున ఒక రోగి నిలకడగా ఉన్నాడని అప్పగింతలో చెప్పారనుకుందాం. విద్యార్థిని కొలిచి చూస్తే శ్వాస నిమిషానికి 24, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం, పై బీపీ 102, నాడి 112, జ్వరం 38.2 సెల్సియస్ డిగ్రీలు. రోగి మాత్రం తెలివిగానే మాట్లాడుతున్నాడు, విడిగా ఆక్సిజన్ పెట్టలేదు. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను గంట మోగించదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో రూపొందించి 2017లో సవరించిన న్యూస్ అనే ముందస్తు హెచ్చరిక పట్టికలో వీటికి వరుసగా 2, 1, 1, 2, 1 పాయింట్లు, మొత్తం 7. ఏడు చేరితే అత్యవసరంగా వైద్య బృందాన్ని పిలవాలని ఆ పట్టిక చెబుతుంది. విడివిడిగా అల్పమైన అనేక కారణాలను కలిపి చూసి ఒక ఫలితాన్ని గ్రహించే బుద్ధిని చరకసంహిత యుక్తి అని పిలిచి, ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అన్న మూడింటి సరసన పరీక్షా సాధనంగా నిలబెట్టింది. పట్టిక చేసేది యుక్తిని కొత్త విద్యార్థిని చేతికి అరువివ్వడం. ప్యాట్రీషియా బెన్నర్ 1984 నాటి గ్రంథంలో చెప్పిన ఐదు దశల్లో తొలి దశలోని నర్సు నియమాల ఊతతో నడుస్తుంది, చివరి దశలోని నిపుణురాలు పరిస్థితిని మొత్తంగా ఒక్క చూపులో పట్టుకుంటుంది. ఆ చూపు ఇంకా ఏర్పడని కాలంలో పట్టిక తప్పనిసరి. ఏర్పడిన తర్వాత పట్టికను పారేయవచ్చన్న వాదన మాత్రం నిలవదు, ఎందుకంటే అలసటకు నిపుణులూ అతీతులు కారు.

పైన చెప్పిన రోగి విషయంలో నిలకడ అన్న ఆప్తవాక్యానికి ఏడు పాయింట్లు బాధకమయ్యాయి. సంశయం కలిగాక పక్ష ప్రతిపక్షాలను విచారించి అర్థాన్ని నిశ్చయించడాన్ని న్యాయం నిర్ణయం అంటుంది. ఆసుపత్రిలో ఆ నిశ్చయం విద్యార్థిని మనసులో ముగిసిపోకూడదు, ఒకరికి చెప్పబడాలి. ఎస్‌బార్‌లోని చివరి అంచె అందుకే ఉంది. విద్యార్థినులు తడబడేదీ అక్కడే. అంకెలు చదవడం వరకు గొంతు స్థిరంగా ఉండి, ‘మీరు ఇప్పుడే వచ్చి చూడాలి, సర్’ అనవలసిన చోట వాక్యం ‘ఒకసారి చూస్తారేమోనని’ అంటూ నీళ్లు నములుతుంది. ఇది భాషాలోపం కాదు, పెద్దవారికి సలహా ఇవ్వడం అమర్యాద అన్న పెంపకపు ఫలం. ఆప్తత్వానికి అంతస్తుతో పనిలేదన్న వాత్స్యాయనుడి మాట ఇక్కడ ఇబ్బంది పెడుతుంది: ఆ క్షణాన ఆ రోగిని చూసినది విద్యార్థిని, చూడనిది పెద్ద డాక్టరు. భారత నర్సింగ్ మండలి 2021లో అమల్లోకి తెచ్చిన సవరించిన బీఎస్సీ పాఠ్యక్రమం సిమ్యులేషన్‌కు, అంటే బొమ్మ రోగితోనో నటించే రోగితోనో చేసే అభ్యాసానికి, చోటు కల్పించింది. అక్కడ అధ్యాపకులు విసుగుపడే డాక్టరు పాత్రను కూడా వేస్తే తప్ప ఈ ఒక్క వాక్యం అభ్యాసంలోకి రాదు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాల్లో జ్ఞాపకత్వం, అంటే తన బాధను తెలియజెప్పగలగడం, ఒకటి. మంచం దగ్గరే అప్పగింత జరపాలన్న నేటి పద్ధతికి ఇది బలమైన సమర్థన, ఎందుకంటే తన గురించిన మాటలు వింటున్న రోగి ‘నొప్పి మొదలైంది రాత్రి కాదమ్మా, నిన్న మధ్యాహ్నమే’ అని సరిదిద్దగలడు, మరెవరూ అది చేయలేరు. తెలుగు నేలలో దీనికొక అడ్డు ఉంది: క్యాన్సర్ వంటి జబ్బయితే ‘నాన్నకు తెలియనివ్వకండి’ అని కొడుకులు ముందుగానే మాట తీసుకుంటారు. అప్పుడు మంచం దగ్గర ఎరిగినట్టే చెప్పాలన్న షరతును ఎవరి పట్ల పాటించాలి, వచ్చే నర్సు పట్లనా, వింటున్న రోగి పట్లనా? అటువంటి చోట రోగనిర్ధారణను నర్సుల బల్ల దగ్గర చెప్పుకుని, నొప్పి, మూత్రం, కుట్లు, మందుల సంగతులు మంచం దగ్గర మాట్లాడుకోవచ్చు. అప్పగింత రెండు ముక్కలవుతుంది. మంచం మీది మనిషి రెండో ముక్క మాత్రమే విని, మొదటిదాన్ని నర్సుల ముఖాల నుంచి అనుమాన ప్రమాణంతో గ్రహించుకుంటాడు.