అంపైరు లేని ఆట

న్యాయాధిపతి ఎదుట సత్యము పలుకుట ఒక సంగతి. న్యాయాధిపతియే లేనిచోట పలుకుట మరియొక సంగతి. ఈ రెండవదానిని గూర్చి ఈ నెల కొంచెము ఆలోచింతము. ఇందుకు పెద్ద శాస్త్రముల జోలికి పోనక్కరలేదు. అమెరికా దేశములో పిల్లలును పెద్దలును స్నేహితులతో కూడి ఇంటి పెరటిలో ఆడుకొను ఒక చిన్న ఆట చాలును.

ఆ ఆట పేరు విఫిల్ బాల్. ఆ దేశస్థులకు ప్రీతియైన బేస్‌బాల్ మనమెరిగిన క్రికెట్టునకు దూరపు చుట్టము వంటిది. ఒకడు బంతి విసరును, ఒకడు కఱ్ఱతో కొట్టును, తక్కినవారు పట్టుకొందురు. అయితే దానికి విశాలమైన మైదానమును, జట్టుకు తొమ్మండుగురును కావలెను. గట్టి బంతి తగిలినచో కిటికీ అద్దములు పగులును. 1953లో కనెక్టికట్ రాష్ట్రమందలి ఫెయిర్‌ఫీల్డ్ అను ఊరిలో డేవిడ్ మల్లనీ అను తండ్రి, తన కుమారుడును అతని స్నేహితులును పెరటిలో ఆడుకొనుటకై తేలికైన ప్లాస్టిక్ బంతి నొకదానిని తయారుచేసెను. కఱ్ఱ ఊపియు బంతిని తప్పిపోవుటను ఆ పిల్లలు విఫ్ అనుచుండిరి. ఆటకు పేరు అందుండి వచ్చెను.

బోలుగా నుండు ఆ బంతికి ఒక సగమున ఎనిమిది కోల రంధ్రములుండును. రెండవ సగమున ఒక్కటియు లేదు. రెండు వైపులను గాలి ఒక్కరీతిగా పోదు గనుక బంతి వంకర తిరిగి పోవును. కాబట్టి భుజబలము లేని బాలుడు సహితము పెద్దవానిని తికమక పెట్టగలడు. న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరమందు ప్రసిద్ధికెక్కిన ఆటవస్తువులకు ఒక మందిరము కలదు. 2017లో ఈ బంతికి అందులో చోటు దొరకెను.

ఇద్దరున్నను ఈ ఆట సాగును. పరుగెత్త నక్కరలేదు, బంతి ఎంత దూరమున పడెనో దానినిబట్టి లెక్క కట్టుదురు. కొట్టినవాడు నిలిచియుండగనే అతని బదులు ఊహలోని మనుష్యుడొకడు పరుగెత్తినట్లు ఎంచుకొందురు. కొందరు కొట్టువాని వెనుక ఒక కుర్చీ వేయుదురు. విసరిన బంతి కుర్చీకి తగిలినచో కొట్టువానిమీద ఒక తప్పు లెక్కింతురు. ఆ కుర్చీయే వారి మూగ అంపైరు.

గాని కుర్చీ అన్నియు చెప్పజాలదు. బంతి కఱ్ఱ అంచుకు తగిలెనా, లేదా? పట్టుకొన్నది నేలకు తాకకముందా, తాకిన పిమ్మటనా? సందెవేళ చెట్టునీడలో ఇది ఇతరులకు కనబడదు. పట్టినవాని చేతికి మాత్రమే తెలియును. మన ప్రశ్న ఇచ్చటనే యున్నది: ఎవరును చూడనప్పుడు ఒకడు తనకు విరోధముగా తానే సాక్ష్యము చెప్పవలెనా?

ఇది ఆటయే గదా, పందెము లేదు, బహుమానము లేదు, చిన్న తొండి వలన నష్టమెవరికి అని కొందరందురు. మరికొందరు ఇంకను గట్టి మాట అందురు: పెద్ద ఆటలలో ఆటగాడు తన తప్పు తాను చెప్పడు, తీర్పు చెప్పుట అంపైరు పని. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అక్కడ తీర్పు చెప్పు భారము వేరొకనికి అప్పగింపబడినది. పెరటిలో ఆ భారమును మోయువాడు లేడు. సాక్షియే అక్కడ న్యాయాధిపతి.

అట్టి సాక్షి నోరు మూసికొన్నచో ఏమగును? తీర్పు చెప్పు పీఠము ఖాళీగా నుండదు. గొంతు పెద్దదైనవాడు దానిమీద కూర్చుండును. లేదా బంతి ఎవరిదో వాడు కూర్చుండి, నా మాట వినకపోయిన బంతి తీసికొని పోదుననును. వాదించుట చేతగాని చిన్నవాడు మాత్రము ప్రతి దినము ఓడిపోవును. బలహీనునికి చోటిచ్చుటకే ఆ బంతి చేయబడెను. ఒక్క అబద్ధము ఆ చోటును తీసివేయును. నష్టమెవరికి అనినవారికి ఇదియే మా ప్రత్యుత్తరము.

నిజముగా ఇరువురికిని తెలియనప్పుడు పిల్లలకు ఒక మంచి వాడుక కలదు: ఆ బంతిని మరల విసరుమందురు. స్నేహము నిలుచును, ఆట సాగును. అయితే ఇందులోను ఒక వల యున్నది. సందేహము కలిగి మరల ఆడుట సమాధానము. నిజము తెలిసియుండి సందేహమున్నట్లు నటించుట దొంగతనము. అది సమాధానమువలె కనబడును గనుక మరింత అపాయకరము.

వానకు పొలము గట్టు కొట్టుకొనిపోయినప్పుడు, అది ఎక్కడ నుండెనో అక్కడ దున్నినవానికి తెలియును. సర్వేయరు వచ్చువరకు ఊరుకొని, సగము సగము పంచుకొందమని పెద్దమనిషివలె పలుకుట సులభము. తన జానెడు నేల కానిదానిని తనది కాదని ఒప్పుకొనుట కష్టము. 15వ కీర్తన దేవుని సన్నిధిని నివసింపదగినవాని గుణములను వరుసగా చెప్పుచున్నది. తనకు నష్టము వచ్చునని సత్యమును మార్చకుండుట వానిలో చేరియున్నది. అట్టి గుణము పొలముగట్టు మీద అకస్మాత్తుగా పుట్టదు. పోగొట్టుకొనుటకు ఒక ఆట తప్ప మరేమియు లేని బాల్యములోనే అది అభ్యాసము కావలెను.

తల్లిదండ్రులారా, ఆడి వచ్చిన బిడ్డను, గెలిచితివా, అని మనమడుగుదుము. అడుగుట తప్పు కాదు. దానితోకూడ మరియొకటి అడుగుదము: ఈ దినము నీవు మాత్రమే చూచినది ఏదైనను ఉండెనా? ఉన్నచో దానిని చెప్పితివా?