తూకపురాయికి తూకం

మెదడు కణజాలంలో ఒక జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో తెలియాలంటే, దాని నుంచి పుట్టిన ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలవాలి. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతి ఆర్‌టీ-క్యూపీసీఆర్. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, విడతకు రెట్టింపు చొప్పున పెంచుతూ పోతారు. డీఎన్‌ఏతో పాటు పెరిగే వెలుగు ఒక నిర్ణీత స్థాయి దాటడానికి ఎన్ని విడతలు పట్టాయో యంత్రం చూపిస్తుంది. విడతలు తక్కువైతే మొదట్లో సరుకు ఎక్కువున్నట్టు. అయితే ఒక నమూనా కాస్త పెద్దది కావచ్చు, ఇంకోదానిలో ఆర్‌ఎన్‌ఏ కొంత విరిగి ముక్కలై ఉండవచ్చు. ఈ తేడాలు లెక్కలోకి రాకుండా, అన్ని నమూనాల్లోనూ ఒకేలా ఉంటుందనుకునే మరో జన్యువుతో పోల్చి చూస్తారు. దాన్ని రిఫరెన్స్ జన్యువు అంటారు. తక్కెడలో అది రాయి. ఆ రాయి బరువు మారలేదని తేల్చేది ఏది?

రాయి మారితే ఏమవుతుందో చిన్న లెక్కలో చూడవచ్చు. ఆరోగ్యవంతుడి మెదడు నమూనాలో రిఫరెన్స్ జన్యువు 20వ విడతలో, పరీక్షిస్తున్న జన్యువు 26వ విడతలో కనిపించాయనుకుందాం. రోగి నమూనాలో పరీక్షిస్తున్న జన్యువు అదే 26 దగ్గర ఉంది, రిఫరెన్స్ మాత్రం జబ్బు వల్ల తగ్గి 21కి జరిగింది. తేడా ఆరు నుంచి ఐదుకు వచ్చింది కనుక, పరీక్షిస్తున్న జన్యువు రెట్టింపైందని లెక్క చెబుతుంది. నిజానికి అది కదల్లేదు. ఆ అంకె చూసి రోగానికి కారణం దొరికిందని నమ్మేవాళ్లుంటారు.

మెదడులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. రిఫరెన్స్‌గా ఎన్నో ఏళ్లు అలవాటుగా వాడిన జీఏపీడీహెచ్ గ్లూకోజును విడగొట్టే ఎంజైము జన్యువు. మరణానికి ముందు ఆక్సిజన్ అందక మెదడు ఆమ్లపూరితమైతే ఆ జన్యువు స్థిరంగా ఉంటుందన్న హామీ లేదు. అలాగే వాడిన బీటా-ఆక్టిన్ కణాల చట్రానికి సంబంధించినది, నాడీకణాల కొమ్మల మీది ముళ్లలో దండిగా ఉండే పదార్థం. ఆ ముళ్లు రాలిపోయే జబ్బును దానితోనే కొలవడం సబబు కాదు. వీటికి మించిన చిక్కు మరొకటుంది. అల్జీమర్స్‌లో నాడీకణాలు చనిపోతాయి, వాటికి తోడుండే గ్లియా కణాల వాటా పెరుగుతుంది. ఒక్కో కణంలో ఏ జన్యువూ మారకపోయినా, ముక్క మొత్తంలో కొలత మారుతుంది. అప్పుడు ‘మారలేదు’ అన్న మాటకు కణం లెక్కలోనా, ముక్క లెక్కలోనా అన్నది ముందు తేలాలి. స్థిరత్వం జన్యువుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఫలానా కణజాలంలో, ఫలానా స్థితిలో, ఫలానా ప్రశ్నకు సంబంధించి మాత్రమే ఆ మాటకు అర్థముంది.

రాయిని తూచేది ఏదన్న ఈ చిక్కు భారతీయ తత్త్వశాస్త్రానికి కొత్త కాదు. ప్రమాణాల వల్ల, అంటే తెలుసుకునే సాధనాల వల్ల, వస్తువులు తెలిస్తే, ప్రమాణాలు దేనివల్ల తెలుస్తాయని బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో నిలదీశాడు. ఇంకో ప్రమాణం వల్లనంటే అనవస్థ, అంతులేని వరుస. ప్రమాణమూ, దానివల్ల తెలిసే ప్రమేయమూ ఒకదాన్నొకటి నిలబెడతాయంటే అన్యోన్యాశ్రయం. ఏ రుజువూ లేకుండా ఒప్పుకోవాలంటే వాదమే అక్కర్లేదు. న్యాయసూత్రాల రెండో అధ్యాయం ఇచ్చిన జవాబు త్రాసు. త్రాసు బంగారాన్ని తూస్తుంది. త్రాసు మీదే అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారంతో దాన్ని పరీక్షిస్తారు. ఒకే వస్తువు ఒక సందర్భంలో కొలిచేది, మరో సందర్భంలో కొలవబడేది. మారని రాయి కోసం లోకమంతా వెతకనక్కర్లేదు.

2002లో జో వాండెసొంపెలే బృందం బెల్జియంలో రూపొందించిన జీనార్మ్ పద్ధతి దాదాపు ఈ దారిలోనే నడుస్తుంది. కొన్ని జన్యువులను తీసుకుని, ప్రతి జంట నిష్పత్తీ నమూనా నుంచి నమూనాకు ఎంత ఊగుతోందో చూస్తుంది. అన్నిటికంటే ఎక్కువ ఊగేదాన్ని తీసేసి, మళ్లీ మొదలుపెడుతుంది. ఆఖరికి రెండు మిగులుతాయి. ఆ రెండింటిలో ఏది మేలో అది చెప్పలేదు, ఎందుకంటే నిష్పత్తికి రెండు కావాలి. నాగార్జునుడి ఆక్షేపణ ఇక్కడ ఇంకా సజీవంగానే ఉంది. రెండు జన్యువులు ఒకే అదుపులో ఉండి కలిసి పెరిగి కలిసి తగ్గితే, వాటి నిష్పత్తి చలించదు, జీనార్మ్ వాటినే స్థిరమైనవని ఎంచుతుంది. ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ఒకే మాట చెబితే అవి రెండు సాక్ష్యాలు కావు. అందుకే వేర్వేరు పనులు చేసే జన్యువులను పోటీకి పెట్టాలి. 2004లో వచ్చిన నార్మ్‌ఫైండర్ అనే మరో పద్ధతి రోగుల గుంపుకూ ఆరోగ్యవంతుల గుంపుకూ మధ్య తేడాను విడిగా లెక్కిస్తుంది కాబట్టి, దాన్నీ జతచేయడం మేలు.

చివరికి ఎంచిన రెండు మూడు జన్యువుల గుణమధ్యమాన్నే రాయిగా వాడతారు. అన్యోన్యాశ్రయం ఇక్కడ పూర్తిగా పోదు. కానీ సాక్షులు నిజంగా వేరువేరు అయినప్పుడు అది దోషం కాదు, పరస్పర పరీక్ష. ఆ పరీక్ష ఒక కణజాలానికి, ఒక జబ్బుకు చేసినదే. మనిషి మస్తిష్క వల్కలంలో నెగ్గిన జన్యువును ఎలుక హిప్పోక్యాంపస్‌కు అరువు తెచ్చుకోకూడదు. క్యూపీసీఆర్ ప్రయోగాల కోసం 2009లో వెలువడిన ఎంఐక్యూఈ మార్గదర్శకాలు కూడా స్థిరత్వం రుజువు చేయకుండా ఒకే ఒక్క రిఫరెన్స్ జన్యువు మీద ఆధారపడటాన్ని ఒప్పుకోవు. ఏ జన్యువులను, ఎన్నింటిని, ఏ పరీక్షతో ఎంచారో చెప్పని ఫలితాన్ని పాఠకులు అంగీకరించనక్కర్లేదు.