జీర్ణోద్ధరణము - కాయక ధర్మము



మన పెద్దలు రాతితోను సున్నముతోను కట్టించిన మఠములు పెక్కు నేడు శిథిలములగుచున్నవి. పైకప్పు కారును, గోడ ఉబ్బును. అప్పుడు భక్తులలో రెండు మాటలు వినవచ్చును. బసవేశ్వరులు శివుని నివాసమును మానవ దేహమునందే చూపిరి కదా, కట్టడమునకు ద్రవ్యమేల యని కొందరందురు. పాతదానిని పడగొట్టి సిమెంటుతో క్రొత్తది లేపుదమని మరికొందరందురు. ఈ రెండును విచారింపదగినవి.

సొన్నలిగె సిద్ధరామేశ్వరుల చరిత్రను స్మరింపుడు. బాల్యమున శ్రీశైల మల్లికార్జునుని వెదకుచు వెళ్లి, ఆయన యానతితో మరలివచ్చి, నేటి షోలాపురమున చెరువు త్రవ్వించి ఆలయములు కట్టించిన మహానుభావుడాయన. అల్లమప్రభువు వచ్చి ఆయన దృష్టిని వెలుపలి కట్టడము నుండి అంతరంగమునకు మరల్చెను. అయినను ఆ చెరువు వ్యర్థము కాలేదు. కట్టించితినను అభిమానము మాత్రమే తొలగవలసినది. పిమ్మట ఆయనయే కల్యాణమున శూన్య సింహాసనమును అధిష్ఠించెను.

కావున కట్టడము దైవము కాదు, సేవకుడు. జంగమునకు నీడ, ఆకలిగొన్నవానికి దాసోహము, శరణులకు అనుభవ గోష్ఠి: ఈ మూడింటికై మఠము నిలువవలెను. సేవకుని పూజింపనక్కరలేదు, రోగము వచ్చినంతనే వెడలగొట్టనూరాదు.

ఇక చికిత్స యెట్లు? మొదట నీటి త్రోవను చూడవలెను. కప్పు పగుళ్లు, పూడిన తూములు, గోడలో మొలచిన రావిమొక్క: సాధారణముగా జబ్బుకు మూలము ఇవియే. వీనిని చక్కదిద్దక పూతలు పూయుట గాయమును కడుగక కట్టు కట్టుటయే యగును.

పాత గోడకు సిమెంటు పూత మేలని తలంపరాదు. నేలలోని తేమ గోడలోనికి ప్రాకుట సహజము. సున్నపు పూతలోని సన్నని రంధ్రముల గుండ ఆ తేమ వెలుపలికి ఆరిపోవును. సిమెంటు ఆ త్రోవను మూయును. లోపల చిక్కిన తేమయు ఉప్పును ఇటుకను, మెత్తని రాతిని పొడిచేయును. సున్నమును నీట విరియించి, నాననిచ్చి, ఇసుకతో గానుగలో రుబ్బి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి వాడిన మేస్త్రీల విద్య ఇందులకే పుట్టినది. ఆ పని నిదానమైనది. పూసిన పిమ్మట తడుపుచు కాచుకొనవలెను. చెక్కిన స్తంభములకు నూనెరంగు పూయుటయు, ఇసుకధారతో రుద్దుటయు శిల్పమునకు హాని. క్రొత్తగా వేరుగా కట్టుకొను వంటశాలకు సిమెంటు వాడుట దోషము కాదు. ఏది యెక్కడ తగునో యెరుగుటయే వివేకము. గోడ ఒరిగినచో పాత కట్టడములు తెలిసిన ఇంజనీరును పిలువక తాకరాదు.

పడగొట్టుట సులభము. హనుమకొండలో 1163లో వెలసిన వేయి స్తంభముల గుడియొక్క కల్యాణ మండపమును మరల నిలుపుటకే 2006లో విప్పిరి. అది తిరిగి తెరువబడినది 2024లో. నిపుణుల చేతనే అంతకాలము పట్టగా, తొందరపడి గునపము పట్టువారు ఆలోచింపవలదా?

చివరి మాట ముఖ్యమైనది. రాళ్లు మోయు కూలివాని శ్రమయు కాయకమే. అతని కూలిని ఏనాటిది ఆనాడే ఇయ్యవలెను. పైకెక్కువానికి గట్టి పరంజా, త్రాగుటకు మంచినీరు మఠము బాధ్యత. జీర్ణోద్ధరణ పేరిట దాసోహము ఆగరాదు. వచ్చిన ప్రతి రూపాయి లెక్కయు సభలో చదువవలెను. దాతల పేర్ల పలకలకై ప్రాచీన శిలలను తొలుచుట తగదు. కూలి నిలిపి లేపిన శిఖరము కంటె, కూలి చెల్లించి అతికిన పాత గోడయే శివునకు ప్రీతికరము.

స్థావరము జంగమమునకై యున్నది. ఈ యెరుకతో తాపీ పట్టిన చేయి లింగపూజ చేసిన చేతికి తీసిపోదు.

శరణు శరణార్థి.